బజారుకి కట్టుకెళ్ళే లుంగీ: ఏం చూసి కొనాలి

మా ఇంట్లో లుంగీ అంటే గేటు దాటనిది. నాన్న ఆఫీసు నుంచి రాగానే ప్యాంటు కొక్కేనికి తగిలించి లుంగీ చుట్టుకునేవారు, మళ్ళీ వీధి చివర పాల ప్యాకెట్ తేవాలన్నా ప్యాంటు ఎక్కించాల్సిందే. నేనూ అదే అలవాటుతో పెరిగాను. మూడేళ్ళ కింద మే నెలలో, ఎండ 40 దాటిన రోజున, విజయవాడలో సత్యనారాయణపురం నుంచి వన్‌టౌన్ దాకా జీన్స్ వేసుకుని స్కూటర్ మీద వెళ్ళొచ్చి, సాయంత్రానికి తొడల నిండా చెమటకాయలతో కూర్చున్నప్పుడు అనిపించింది, అసలు ఈ ఊళ్ళో ఈ బట్ట ఎవడు వేసుకోమన్నాడని. అప్పట్నుంచి ఆఫీసుకి తప్ప కూరగాయలకీ, టిఫిన్‌కీ, సెలూన్‌కీ, చుట్టాలింటికీ లుంగీయే. ఈ మూడేళ్ళలో పనికొచ్చేవి నాలుగు కొన్నాను, పనికిరానివి ఆరు కొన్నాను. ఆ ఆరూ మీరు కొనకుండా ఉండటానికి ఇది రాస్తున్నా.

ముందు ఒక మాట. పంచె వేరు, లుంగీ వేరు. తెల్లగా, అంచుతో ఉండే పంచె గుడికీ పెళ్ళికీ. దాని మర్యాద దానికుంది, ఇస్త్రీ ఖర్చూ ఉంది. నేను చెప్పేది రోజూ కట్టుకుని, నలిగినా పట్టించుకోకుండా, బకెట్‌లో పడేసి ఉతుక్కునే రంగు లుంగీ గురించి. ఇంట్లోకైతే ఏదైనా చెల్లుతుంది, ఊడితే చూసేది ఇంట్లోవాళ్ళే. బయటికి కట్టుకెళ్ళేదానికి మాత్రం మూడు గుణాలు ఉండాలి: ముడి జారకూడదు, ఎండలో నిలబడితే లోపలిది కనపడకూడదు, రంగు మన కాళ్ళకీ పక్కవాడి సీటుకీ అంటకూడదు.

అందరూ చేసే తప్పు గళ్ళు చూసి కొనడం. గళ్ళు చివర చూడాల్సినవి. మొదట చూడాల్సింది వెడల్పు. మగ్గం మీద బట్ట వెడల్పు ఏదో, కట్టుకున్నాక అదే లుంగీ ఎత్తు అవుతుంది. బట్ట పొడవు మన నడుము చుట్టూ తిరుగుతుంది. ఇది తెలియక ప్యాకెట్ మీద 2 మీటర్లు అని చూసి అందరికీ సరిపోతుందనుకుంటాం. కొనేముందు ఇంట్లో టేపు పెట్టి బొడ్డు నుంచి చీలమండ దాకా కొలవండి, దానికి పైన మడతకి ఓ 15 సెంటీమీటర్లు కలపండి. నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, నాకు 95 వచ్చింది, మడతతో 110. షాపులో దొరికే మామూలు 120 సెంటీమీటర్ల లుంగీ నాకు హాయిగా సరిపోతుంది. మా పెద్దమ్మ కొడుకు 6 అడుగుల పైన ఉంటాడు, వాడికి మడతతో కలిపితే 119 తేలింది. అదే 120ది కొనుక్కుని రెండు ఉతుకులయ్యాక చీలమండ పైకి వచ్చేసిందని షాపువాణ్ణి తిట్టుకున్నాడు. పొడుగువాళ్ళు 50 అంగుళాల వెడల్పు, అంటే 127 సెంటీమీటర్లు ఉన్నది అడిగి మరీ తీసుకోవాలి. పొట్టివాళ్ళకి దీనికి ఎదురు సమస్య, మిగిలిన బట్టంతా నడుము దగ్గర మడతల మీద మడతలై పొట్ట ముందు ఇంకో పొట్టలా తయారవుతుంది. అలాంటప్పుడు కింద అంచు లోపలికి మడిచి కుట్టించుకోండి, ఏ టైలరైనా ఐదు నిమిషాల్లో వేసిస్తాడు.

ఇక చుట్టుకొలత. తుంటి దగ్గర, అంటే మనం వెడల్పుగా ఉండే చోట కొలిచి రెండుతో గుణించండి. 100 సెంటీమీటర్ల లోపు ఉన్నవాళ్ళకి 2 మీటర్లు చాలు, చుట్టూ రెండు చుట్లు తిరుగుతుంది. అంతకుమించితే 2.25 మీటర్లది తీసుకోండి, ఇంకా మించితే రెడీమేడ్ ప్యాకెట్లు వదిలేసి రెండున్నర మీటర్ల బట్ట కోయించుకోవడమే మేలు. నూలు బట్ట ముఖ్యంగా పొడవులో ముడుచుకుంటుంది. నూటికి నాలుగు వంతులు ముడుచుకుందనుకున్నా 2 మీటర్లలో 8 సెంటీమీటర్లు పోయినట్టే, ఆ 8 సెంటీమీటర్లే మనం మెట్లు ఎక్కేటప్పుడు కావాల్సినవి. సిగ్గుపడి నడుము కొలత తక్కువ చెప్పుకోకండి, షాపులో ఎవరూ అడగరు కూడా, మీకు మీరే చెప్పుకోవాలి.

కుట్టినదా, కుట్టనిదా అన్నది చాలామందికి పెద్ద ప్రశ్న. బయటికైతే కుట్టినదే అని నా మాట. గొట్టంలా ఉంటుంది కాబట్టి గాలికి తెరుచుకోదు. కుట్టనిది పాతకాలంవాళ్ళు ఎంత ఒడుపుగా కట్టినా మనలాంటి కొత్తవాళ్ళకి ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం గాలిలో నడిస్తే తెలిసొస్తుంది. నాకు తెలిసొచ్చింది. ఒక చేత్తో లుంగీ, ఇంకో చేత్తో మొక్కజొన్న కండె పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చాను. కుట్టినదాంట్లో ఒకటే ఇబ్బంది, చుట్టుకొలత తక్కువైతే పెద్ద అడుగు పడదు. అందుకే కొనేముందు ప్యాంటు మీదే వేసుకుని షాపులో ఒక కాలు స్టూలు మీద పెట్టి చూడండి. నవ్వితే నవ్వనివ్వండి.

బట్ట సంగతికి వద్దాం, అసలు కథ ఇక్కడే ఉంది. మన ఎండకి నూరు శాతం నూలు తప్ప వేరేది వద్దు. పాలిస్టర్ కలిసినది నలగదు, తొందరగా ఆరుతుంది, చవక, చూడ్డానికి మెరుస్తుంది. కానీ చెమట పీల్చదు, అన్నింటికన్నా ముఖ్యంగా ముడి నిలవదు. నూలుకి నూలు పట్టుకుంటుంది, పాలిస్టర్ ఒకదాని మీద ఒకటి జారిపోతుంది. లేబుల్ మీద కాటన్ అని ఉన్నా నమ్మబుద్ధి కాకపోతే, కొన్నాక ఇంటికొచ్చి అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది, పాలిస్టర్ కలిస్తే కరిగి చివర గట్టి పూసలా మిగులుతుంది. షాపులో అయితే గుప్పిట్లో పట్టి గట్టిగా నలిపి వదలండి, ముడతలు పడి అలాగే ఉంటే అది మీ మిత్రుడే.

తర్వాత గంజి. కొత్త లుంగీ బరువుగా, దట్టంగా అనిపిస్తుంది, అందులో కొంత బట్ట, కొంత గంజి. రెండు వేళ్ళ మధ్య పెట్టి గట్టిగా రుద్దితే తెల్లగా పొడి రాలుతుందేమో చూడండి, రాలితే ఉతికాక సగం పలచబడుతుందని లెక్క వేసుకోండి. ఆ తర్వాత ఒక పొర మాత్రమే తీసి ట్యూబ్‌లైటు వైపు పట్టుకుని వెనక మీ చెయ్యి పెట్టండి. వేళ్ళు ఐదూ లెక్కపెట్టగలిగితే అది ఇంటి లుంగీ. చెయ్యి నీడలా మాత్రమే కనిపిస్తే బజారుకి పనికొస్తుంది. ప్యాకెట్ మీద 60, 80, 100 అని కౌంటు రాసి ఉంటుంది, ఆ నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. పెద్ద నంబరంటే మంచిదనుకుని నేను 100ది కొన్నా, వెన్నలా ఉంది, ఎండలో నిలబడ్డానో లేదో మా ఆవిడ లోపలికి రమ్మని సైగ చేసింది. రోజువారీకి 60 కానీ, నేత దట్టంగా ఉంటే 80 కానీ చాలు.

ఈ గంజి గురించి నాకు బాగా చెప్పింది గుంటూరు మిర్చి యార్డులో ఒక హమాలీ. వేరే పని మీద వెళ్ళి, అక్కడ టీ తాగుతూ, కొత్త లుంగీ మూడుసార్లు బిగించుకున్నా. ఆయన చూసి చూసి, "బాబూ, అది లుంగీ తప్పు కాదు, గంజి తప్పు. రెండుసార్లు ఉతికి కట్టు, నీ మాట వింటుంది" అన్నాడు. పొద్దున్నుంచీ బస్తాలు మోసే మనిషి నడుము మీద లుంగీ అంగుళం కదలలేదు. ఆ తర్వాత ఎక్కడ లుంగీ కొనాలన్నా నేను షాపువాళ్ళ కన్నా ముందు మోత పని చేసేవాళ్ళ నడుములు చూస్తున్నా.

రంగు పరీక్షకి జేబులో తెల్ల చేతిరుమాలు పెట్టుకెళ్ళండి. ఒక మూల తడిపి లుంగీ మీద, ముదురు రంగు ఉన్న చోట, పదిసార్లు రుద్దండి. కొంచెం మరక వస్తే ఫరవాలేదు, కొత్తదానికి అంతమాత్రం ఉంటుంది. రుమాలు రంగు మారిపోతే అక్కడే మడిచిపెట్టి వచ్చేయండి. నేను ఒక షాపులో 150కి వచ్చిందని మంచి నీలం గళ్ళది తెచ్చుకుని, అదే సాయంత్రం బావగారింటికి కట్టుకెళ్ళి, ఏసీ లేని గదిలో లేత రంగు సోఫా మీద రెండు గంటలు కూర్చున్నా. లేచేసరికి సోఫా మీద నేను కూర్చున్నంత మేర నీలంగా ఉంది. అక్క ఏమీ అనలేదు, బావగారు మాత్రం ఇప్పటికీ నేను వస్తే ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. కవరు ఉతికించడానికైన ఖర్చుతో ఇంకో రెండు లుంగీలు వచ్చేవి.

గళ్ళూ రంగులూ ఇప్పుడు చూసుకోండి. బయటికైతే ముదురు నీలం, మెరూన్, బూడిద, ముదురు ఆకుపచ్చ. దుమ్మూ, సాంబారూ కనపడవు. చిన్న గళ్ళైతే చొక్కాతో కలుస్తాయి. పెద్ద గళ్ళు పొట్ట ఉన్నవాళ్ళకి పొట్టని ఇంకా చూపిస్తాయి, నా అనుభవం. గళ్ళ లుంగీ మీద గళ్ళ చొక్కా మాత్రం వేయకండి, మీద సాదా టీషర్టు కానీ, తెల్ల చొక్కా కానీ వేస్తే అదే లుంగీ ఒక హోదాకి వస్తుంది. పూల డిజైన్లు, బాటిక్ ప్రింట్లు ఇష్టమైతే కట్టుకోండి, కానీ చాలావాటికి ప్రింటు ఒకవైపే ఉంటుంది, మడిచి ఎగ్గట్టినప్పుడు వెలిసిపోయినట్టున్న లోపలి వైపు బయటపడుతుంది. నేసిన గళ్ళకి రెండువైపులా ఒకటే ముఖం.

చేనేతది కొనాలా అంటే, కొనగలిగితే ఒకటి కొనండి. మనకి ఇంత దగ్గర్లో మంగళగిరి పెట్టుకుని ఎక్కడో నేసిన మిల్లు బట్ట మాత్రమే కట్టడం అన్యాయంగా ఉంటుంది. అక్కడ చీరలకీ డ్రెస్ బట్టలకీ పేరుంది, ఆ సాదా నూలు బట్టే మీటర్ల లెక్కన కోయించి అంచులు కలిపి కుట్టించుకుంటే లుంగీ అవుతుంది. వెడల్పు మాత్రం టేపు పెట్టి చూడండి, చొక్కాల కోసం నేసిన బట్ట లుంగీ కన్నా తక్కువ వెడల్పు ఉంటుంది, నా ఎత్తుకే బొటాబొటిగా వచ్చింది. చీరాల వైపు వెళ్ళేవాళ్ళు అక్కడా అడగొచ్చు; ఆ చుట్టుపక్కల నేసిన గళ్ళ రుమాళ్ళ బట్ట ఒకప్పుడు ఓడలెక్కి పశ్చిమాఫ్రికా దాకా వెళ్ళింది. ఇంకో సంగతి, 1985లో వచ్చిన చేనేత రిజర్వేషన్ చట్టంలో చేతిమగ్గాలకే కేటాయించిన రకాల జాబితాలో లుంగీ కూడా ఉంది. కానీ బజార్లో మీరు చూసే లుంగీల్లో ఎక్కువ భాగం పవర్‌లూమ్‌వే, అంటే కరెంటు మగ్గం మీద నేసినవే, అదెలాగని నన్నడక్కండి. చేనేత అని ఎక్కువ ధర చెబితే చేనేత మార్కు ఉందేమో చూడండి, 2006 నుంచి ఆ గుర్తు ఉంది.

ధరలు నేను ఇచ్చినవి చెబుతా. పాలిస్టర్ కలిసినవి 150, 200కి వచ్చాయి, అన్నీ పనికిరాని ఆరింటిలోనే ఉన్నాయి. పవర్‌లూమ్ నూలువి 280 నుంచి 400 మధ్య, అందులో రెండు రెండేళ్ళుగా వారానికి రెండు ఉతుకులు తట్టుకుంటున్నాయి. మంగళగిరి బట్టది కుట్టుకూలితో కలిపి 700 దాటింది. తక్కువ డబ్బుల్లో మంచిది కావాలంటే ఆ 300 దగ్గరే చూడండి. విజయవాడలో వన్‌టౌన్ వస్త్రలత వైపు హోల్‌సేల్ షాపులున్నాయి, కొన్నిచోట్ల ఒక్కటి ఇవ్వరు, నలుగురు కలిసి వెళ్ళి ఓ డజను పంచుకుంటే ఒక్కోదానికి బాగానే మిగిలింది మాకు. బీసెంట్ రోడ్డులో ఒక్కటైనా ఇస్తారు, బేరం మీ నోటి మీద ఆధారపడుతుంది. గుంటూరువాళ్ళకి పట్నం బజారు ఉంది. ఆన్‌లైన్‌లో కొనొద్దనను కానీ, వెడల్పు సెంటీమీటర్లలో రాయని లుంగీ మాత్రం ఆర్డర్ పెట్టకండి.

మధ్యలో ఒక ముచ్చట. మా పిన్ని కొడుకు గ్లాస్గోలో చదువుతున్నాడు. అక్కడ స్నేహితుడి పెళ్ళికి కిల్ట్, అంటే స్కాట్లాండ్ మగవాళ్ళు కట్టుకునే పావడాలాంటిది, అద్దెకి తెచ్చుకుని కట్టుకుని ఫోటో పెట్టాడు. "అన్నయ్యా, నీ లుంగీయే, మోకాళ్ళ దాకా" అని కింద రాశాడు. కనుక్కుంటే పద్ధతిగా కుట్టిన కిల్ట్‌కి 8 గజాల ఉన్ని బట్ట పడుతుందట, అంటే 7 మీటర్ల పైనే, మన లుంగీకి మూడున్నర రెట్లు. వెనకంతా కుచ్చిళ్ళు, ముందు సాదా, పక్కన తోలు పట్టీలు. ధర వందల పౌండ్లలో. అందుకే రోజూ కట్టుకోవాలనుకునేవాళ్ళు అక్కడ ఆ ఉన్నిది పెళ్ళిళ్ళకి దాచుకుని, మిషన్‌లో ఉతికే పాలిస్టర్ విస్కోస్‌దో, జేబులున్న మందపాటి కాటన్‌దో తక్కువ కుచ్చిళ్ళతో కొనుక్కుంటారట. అక్కడ 1746లో హైలాండ్ దుస్తుల మీద, అంటే కిల్ట్‌లాంటి వాటి మీద, నిషేధం పెట్టి 1782 దాకా ఎత్తలేదు. మనకి అలాంటి చట్టమేమీ లేదు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎదురింటాయన చూపు తప్ప.

కట్టే విధానం మాటల్లో చెప్పడం కష్టం గానీ ప్రయత్నిస్తా. గొట్టంలోకి దిగి, నడుము దగ్గర బిగుతుగా ఒకవైపుకి లాగి, మిగిలిన బట్టని ముందుకి మడిచి, పై అంచుని బయటికి రెండుసార్లు దొర్లించి, చివర రొంటిన దోపండి. మొలతాడు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, దాని కిందుగా దోపితే ఇంక కదలదు. ఫ్యాషన్ అనుకుని మొలతాడు తీసేసినవాళ్ళు నాలాగా బెల్టు పెట్టుకోవాలి, మామూలు ప్యాంటు బెల్టు చాలు, మీద చొక్కా వదిలేస్తే కనపడదు. వెల్క్రో పట్టీతో వచ్చేవీ ఉన్నాయి, పంచెల్లో బాగుంటాయి, రోజూ ఉతికే లుంగీకి మాత్రం ఆ వెల్క్రోలో దారాలూ దుమ్మూ చేరి కొన్నాళ్ళకి పట్టు పోతుంది. జేబు కుట్టించుకుంటే బాగుంటుందని నేనూ కుట్టించా. ఫోను వేసి రెండడుగులు వేసేసరికి లుంగీ మొత్తం ఫోను వైపుకి వాలింది. జేబులున్న నిక్కరు లోపల వేసుకుని ఫోనూ డబ్బులూ అందులో పెట్టుకోవడమే సరైన పద్ధతి, ఎగ్గట్టినప్పుడూ ధైర్యంగా ఉంటుంది.

స్కూటర్ మీద లుంగీతో ఫరవాలేదు, కాళ్ళు ముందు పెట్టుకుంటాం కాబట్టి. అది కూడా మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, చివరలు తొడల కింద నొక్కి కూర్చోండి. బైక్ మీద మాత్రం వద్దు, చైనూ చక్రమూ లుంగీ అంచుని లాక్కుంటే ఆగవు. వెనక కూర్చున్నవాళ్ళకైతే ఇంకా ప్రమాదం. ఎగ్గట్టి తిరగడంలో తప్పులేదు గానీ, పెద్దవాళ్ళు ఎదురైతే, ఎవరింటి గడపైనా ఎక్కితే, ఒక్కసారి దించేయండి. అడగకుండానే మర్యాద దక్కుతుంది, లుంగీలో వచ్చాడేంటన్న మాట సగం అక్కడే పోతుంది.

కొన్న రోజే కట్టేయకండి. మొదటిసారి విడిగా చన్నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున నీళ్ళు పారబోసి, మళ్ళీ మంచినీళ్ళలో జాడించండి. మా అమ్మ గుప్పెడు కళ్ళుప్పు వేయందే ఊరుకోదు. ఇప్పటి రంగులకి ఉప్పు ఏం చేస్తుందో నాకైతే నమ్మకం లేదు, ఎక్కువైన రంగు నీళ్ళకే పోతుందని నా అనుమానం, కానీ అమ్మతో ఎవరు వాదిస్తారు. తిరగేసి నీడన ఆరేయండి, డాబా మీద మే ఎండలో రోజూ పడేస్తే ముదురు రంగు ఆరు నెలల్లో వెలుస్తుంది. రెండో ఉతుకు తర్వాత మళ్ళీ టేపు పెట్టి కొలవండి. అంచు మడిచి కుట్టించడం, రెండు చివరలు కలిపి కుట్టించడం లాంటివి అప్పుడే చేయించండి, ముందే చేయిస్తే ముడుచుకున్నాక కుట్టు దగ్గర బట్ట గుంజుకుని వంకరపోతుంది.

మొదట్లోనే అరడజను కొనేయకండి. ఒకటి కొని, రెండు వారాలు బజారుకి తిప్పి, నచ్చితే అదే రకం ఇంకో రెండు తెచ్చుకోండి, మూడు ఉంటే వారం గడిచిపోతుంది. కౌంటు, వెడల్పు, షాపు పేరు ఉన్న ఆ ప్యాకెట్ అట్టని ఫోటో తీసి పెట్టుకోండి, ఆర్నెల్ల తర్వాత వెళితే ఏది కొన్నారో మీకూ గుర్తుండదు, వాళ్ళకీ గుర్తుండదు. బిల్లు మాత్రం మొదటి ఉతుకు అయ్యేదాకా పారేయకండి.